గండికోట నవాబు ఓడ: యుద్ధములో పట్టుబడిన సరుకు ఎవరిది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



తుమ్మలపల్లెకు సముద్రము దూరము. మెట్టచేలు, ఆకసమున మబ్బుకై ఎదురుచూపు, వేరుసెనగ కాయలు, ప్రొద్దుటూరి అంగడి ధరలు: ఇవి ఇచ్చటి వారి నిత్యచింతలు. అట్టి ఊరిలో ఓడల ముచ్చట ఏల యని ఎవరికైనను తోచవచ్చును. కాని ఓడకును బండికిని ఒక విషయమున భేదము లేదు. రెండును ఒకరివి, వానిలో నెక్కినది పలువురి సొత్తు.

పులివెందుల ప్రాంతమునుండి ప్రొద్దుటూరికి ఒక బండి బయలుదేరినదనుకొనుడు. బండి ఒకరిది. అందులోని పది మూటలు ఒక రైతువి. అయిదు మూటలు షావుకారు బయానా యిచ్చి కొన్నవి. రెండు మూటలు వియ్యాలవారికి పోవుచున్నవి. బండి యజమానిపై పగగల వారెవరో దారిలో అడ్డగించి, ఎద్దులతో సహా బండిని తోలుకొనిపోయిరి. పగ బండివానిమీద. మూటల వారు చేసిన తప్పేమి? రైతు పోయి "నా మూటలు నాకిండు" అనినచో, పట్టుకొన్నవాడు "ఇవి నీవని ఋజువేమి?" అని యడుగును. షావుకారు బయానా మాత్రమే యిచ్చిన మూటలు ఇంకను రైతువా, షావుకారువా? ఈ చిక్కునే సముద్రముమీదికి, అందునను యుద్ధకాలమునకు మార్చి చూచినచో, రాజ్యములు వందల యేండ్లుగా వాదించుచున్న పెద్ద ప్రశ్న యగును.

యుద్ధకాలమున సముద్రముమీద శత్రువుల ఓడను, అందలి సరుకును పట్టుకొనుట అనాదిగా నున్న ఆచారము. అట్లు పట్టుకొన్నదానిని ఇంగ్లీషువారు ప్రైజు అందురు. ఓడ శత్రువుది, సరుకు మాత్రము యుద్ధములో చేరని మూడవ దేశపు వర్తకునిది. లేక ఓడ మూడవ దేశముది, సరుకు శత్రువుది. అప్పుడేమి చేయవలెను? ఎవరు తేల్చవలెను? దేనినిబట్టి తేల్చవలెను?

ఈ తగవు కడప జిల్లాకు క్రొత్తది కాదు. జమ్మలమడుగునకు చేరువ, పెన్న లోయ అంచుననున్న గండికోట చరిత్రలోనే ఇట్టిది యొకటి యున్నది. ఆ కోటను 1650వ సంవత్సరమున పెమ్మసానివారినుండి గెలిచినవాడు మీర్ జుమ్లా. అతని అసలు పేరు మీర్ మహమ్మద్ సయ్యద్. పారసీక దేశమున అర్దిస్తాను అను ఊరివాడు. వజ్రాల వర్తకుని కొలువులో గోల్కొండ రాజ్యమునకు వచ్చి, వజ్రపు గనులను గుత్తకు పట్టి, మచిలీపట్నమునకు అధికారియై, తుదకు అబ్దుల్లా కుతుబ్ షా సుల్తానునకు మంత్రి యయ్యెను. మంత్రియైనను వర్తకమును విడువలేదు. బర్మా తీరమునకు, పారసీకమునకు, అరేబియా రేవులకు అతని సొంత ఓడలు నడచుచుండెను.

1652లో టావెర్నియర్ అను ఫ్రెంచి వజ్రవర్తకుడు గండికోటకు వచ్చి, అచ్చట డేరాలో విడిసియున్న మీర్ జుమ్లాను చూచి, తాను చూచినది గ్రంథములో వ్రాసిపెట్టెను. నవాబు వట్టి కాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల సందులలో కొన్ని జాబులు, ఎడమచేతి వ్రేళ్ల సందులలో కొన్ని జాబులు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి చదువుచు, ఇద్దరు లేఖకులచేత జవాబులు వ్రాయించుచుండెనట. కోటలను ఫిరంగులతో గెలిచినవాడు సైతము తన వర్తకమును, రాజ్యమును కాగితములతో నడిపెనని దీనివలన తెలియుచున్నది. అట్టి వాని ఓడకే కాగితము అక్కరకు రాని దినమొకటి వచ్చెను.

1655 చివర సుల్తానునకును మంత్రికిని చెడెను. మంత్రి కుమారుని సుల్తాను చెరపట్టించెను. మీర్ జుమ్లా మొగలాయీల పక్షము చేరెను. 1656లో ఔరంగజేబు గోల్కొండపై దండెత్తెను. అదే సంవత్సరమున మీర్ జుమ్లా ఢిల్లీలో షాజహాను పాదుషాకు వజీరయ్యెను. అతడు గెలిచిన కర్ణాటక సీమ తనదని గోల్కొండ సుల్తాను పట్టుబట్టెను. తమదని మొగలాయీలు వాదించిరి. పోయినదానిని తిరిగి సంపాదింపవలెనని చంద్రగిరి రాజు శ్రీరంగరాయలు లేచెను. ఇట్లు సీమ యంతయు అల్లకల్లోలముగా నుండెను.

ఆ సందడిలో చెన్నపట్నపు ఇంగ్లీషు వర్తకులు, హెన్రీ గ్రీన్‌హిల్ ఏజెంటుగా నున్న కాలమున, మీర్ జుమ్లా ఓడ నొకదానిని పట్టుకొనిరి. నవాబు అధికారులతో వారికి పాత తగవులుండెను. ఇప్పుడతడు దూరమున నున్నాడు, సుల్తానునకు విరోధి, ఇక ఈ సీమకు తిరిగి రాగలడో లేదో తెలియదు. ఇదియే అదనని వారు తలచిరి.

ఇపుడు ఆ ఓడ ఎవరిది? గోల్కొండ మంత్రి ఓడ యనినచో అది సుల్తాను కొలువులోని వానిది; సుల్తానుతో ఇంగ్లీషువారికి యుద్ధము లేదు. తిరుగుబాటుదారుని ఓడ యనినచో, దండనగా జప్తు చేయు హక్కు సుల్తానునకుండవచ్చునుగాని వర్తకులకెట్లు వచ్చెను? మొగలాయీ వజీరు ఓడ యనినచో, వారు పట్టుకొన్నది ఢిల్లీ దర్బారులో మాట చెల్లుబడి గలవాని సొత్తు. మూడు జవాబులలో ఏది సరియో తేల్చుటకు ఇరుపక్షములవారును తల యొగ్గెడి న్యాయాధిపతి యొక్కడును లేడు. ఓడ నవాబుదని లోకమంతయు నెరుగును, ఎరిగి ప్రయోజనమేమి?

తీర్పు చెప్పువాడు లేనిచోట బలమే తీర్పరి యగును. 1657లో నవాబు మనుష్యులు చెన్నపట్నపు కోటను ముట్టడించిరి. నెలల తరబడి ముట్టడి సాగెను. 1658 ఏప్రిలులో రాజీ కుదిరి, పట్టణమునకై ఏటేట 380 వరహాలు చెల్లించునట్లు ఒడంబడిక యయ్యెను. ఓడ తగవు అంతటితోనైనను తీరలేదు. 1660లో మీర్ జుమ్లా బంగాళమునకు సుబేదారు కాగా, చెన్నపట్నపు వారు చేసిన పనికి బంగాళమునందలి ఇంగ్లీషు వర్తకులు ఇక్కట్లు పడవలసి వచ్చెను. 1663లో మీర్ జుమ్లా మరణించెను. పట్టినవారు ఒకరు, బాధపడినవారు వేరొకరు. న్యాయస్థానము లేని తగవుల గతి ఎల్లప్పుడు నింతే.

అటుపిమ్మట రెండువందల యేండ్లు గడచెను. ఐరోపా రాజ్యములు తమలో తాము పోరాడి, ఒకరి సరుకు నొకరు దోచుకొని, తుదకు కొన్ని నియమములు లేనిదే తమ వర్తకమే నిలువదని గ్రహించెను. క్రిమియా యుద్ధము ముగియగానే 1856వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన పారిస్ నగరమున ఒక ప్రకటన చేసిరి. అందు నాలుగు సూత్రములు గలవు.

మొదటిది: రాజు అనుమతిపత్రమిచ్చి సొంత ఓడలవారిచేత శత్రువులను దోపించు పద్ధతి రద్దు. రెండవది: తటస్థ దేశపు జెండా క్రింద నున్న శత్రువు సరుకును పట్టరాదు. మూడవది: శత్రువు జెండా క్రింద నున్నను తటస్థుని సరుకును పట్టరాదు. ఈ రెండింటికిని ఒక మినహాయింపు కలదు: ఫిరంగులు, మందుగుండు వంటి యుద్ధోపయోగ నిషిద్ధ వస్తువులకు ఈ రక్షణ లేదు. నాలుగవది: శత్రువు రేవులను దిగ్బంధించితిమని నోట చెప్పినచో చాలదు, నిజముగా రాకపోకలను ఆపగల బలము అచ్చట నుండవలెను.

ఈ సూత్రములను అమలు జరుపుటకు ప్రైజు కోర్టులుండెను. ఓడను పట్టిన కప్తాను దానిని తన దేశపు రేవునకు తెచ్చి, ఓడలోని కాగితములన్నియు కోర్టులో దాఖలు చేయవలెను. ఏ దేశములో రిజిస్టరైనదో తెలుపు పత్రము, సరుకుల జాబితా, సరుకు నెక్కించినట్లు ఓడవారిచ్చు బిల్ ఆఫ్ లేడింగు అను రసీదు, కప్తాను దినచర్య: ఇవి ముఖ్యమైనవి. శత్రువు ఓడలో దొరికిన సరుకును, వేరొకరిదని ఋజువు కానంతవరకు, శత్రువుదిగానే భావింతురు. కనుక ఋజువు చేయవలసిన భారము సరుకు తనదను వానిమీదనే పడును. కాగితము లేనివానికి సరుకు లేదు. "నాది" యను మాటను కోర్టు వినదు. "నాదని వ్రాసియున్నది" అను మాటను వినును.

ఈ నియమములు పుస్తకములలోనివేనా, నడిసముద్రమున పనిచేయునా యనుటకు పరీక్ష 1914లో బంగాళాఖాతమునందే జరిగెను. జర్మనీ యుద్ధనౌక ఎండెన్ పేరు విననివారు ఆ తరమువారిలో అరుదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి చెన్నపట్నముపై గుండ్లు కురిపించి, బర్మా ఆయిలు కంపెనీ కిరసనాయిలు తొట్టెలను తగులబెట్టినది అదియే. దానికి రెండు వారములకు పూర్వము అది చేసిన పనులు అంతగా తెలియవు. సరుకు ఎవరిదన్న ప్రశ్నకు జవాబులు వానియందే యున్నవి.

ఎండెన్ కప్తాను కార్ల్ ఫాన్ ముల్లర్ సెప్టెంబరు 10 మొదలు 14 వరకు కలకత్తా దారిలో ఓడ వెంట ఓడను పట్టుకొనెను. డిప్లొమాట్ అను ఇంగ్లీషు ఓడనిండ తేయాకు. అది శత్రువు ఓడ, శత్రువు సరుకు, ముంచివేసెను. క్లాన్ మాథెసన్ అను ఓడలో మోటారుకార్లు, రైలింజనులు. దానిని కూడ ముంచెను. ముంచుటకు ముందు ఓడలలోని మనుష్యులను దించి ప్రాణములు కాపాడెను.

సెప్టెంబరు 12వ తేదీన కబింగా అను మరియొక ఇంగ్లీషు ఓడ చిక్కెను. జెండా శత్రువుది. కాని ముల్లర్ కాగితములు తెప్పించి చదివెను. అందలి సరుకు అమెరికా వారిది. ఆ దినములలో అమెరికా యుద్ధములో చేరలేదు. ఓడను ముంచినచో సరుకు కూడ మునుగును. తటస్థుల సొత్తునకు జర్మనీ పరిహారమిచ్చుకొనవలసివచ్చును. కనుక ఆ ఓడను ముంచలేదు. ఇతర ఓడలనుండి దించిన మనుష్యులను అందు ఎక్కించి విడిచిపెట్టెను. ఆ ఓడను కాపాడినవి ఫిరంగులు కావు. సరుకు ఎవరిదో చెప్పిన కొన్ని కాగితములు.

పొంటొపొరోస్ అను గ్రీకు ఓడ విషయము దీనికి తలక్రిందులు. ఓడ తటస్థులది, అందలి బొగ్గు ఇంగ్లీషువారికొరకు పోవుచున్నది. ఆవిరి ఓడకు బొగ్గే ఆహారము కనుక యుద్ధకాలమున అది నిషిద్ధ వస్తువు. ముల్లర్ ఆ గ్రీకు కప్తానుతో బేరము కుదుర్చుకొని ఓడను తన వెంట నడిపించుకొనెను. అక్టోబరు 12వ తేదీన సుమత్రా దాపున యార్మౌత్ అను ఇంగ్లీషు యుద్ధనౌక ఆ ఓడను పట్టెను. ఒక నెల మీద రెండు దినములలో అదే ఓడ ఇరుపక్షముల చేతులలోను పడెను.

నియమమును పాటించుటకు ముల్లర్ మూల్యము చెల్లింపక పోలేదు. లొరెడానో అను ఇటలీ ఓడ ఎదురుపడినప్పుడు, అది తటస్థ దేశపు ఓడ కనుక పోనిచ్చెను. ఆ ఓడవారు పోయి ఎండెన్ తిరుగుచున్న వార్తను బయటపెట్టిరి. కలకత్తా రేవు మేలుకొనెను. అంతవరకు ఎండెన్ కు బలముగా నున్న రహస్యము ఆనాటితో పోయెను. నవంబరు 9వ తేదీన కోకోస్ దీవులయొద్ద ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ ఎండెన్ ను ధ్వంసము చేసెను. తనకు నష్టము కలుగునప్పుడు కూడ పాటించిన నియమమే నియమము; లాభము వచ్చునప్పుడు పాటించినది లెక్కకు రాదు.

శత్రువు చేతిలో న్యాయము దొరకుట ఒక విశేషము. సొంత ప్రభుత్వముపై న్యాయము గెలుచుట అంతకంటె పెద్ద విశేషము. అట్టిది 1916లో జరిగెను. జమోరా అను స్వీడన్ దేశపు ఓడ న్యూయార్కునుండి స్టాక్‌హోమునకు ధాన్యము, రాగి తీసికొనిపోవుచుండగా 1915 ఏప్రిలులో ఇంగ్లీషు నౌకాదళము దానిని పట్టి తమ రేవునకు తెచ్చెను. రాగి ఎవరికి చేరవలసినది, నిషిద్ధమా కాదా యను విచారణ తేలకముందే, బ్రిటిషు యుద్ధశాఖ ఆ రాగి తమకు కావలెనని కోరెను. రాజశాసనము అందుకు అనుకూలముగా నున్నది. క్రింది కోర్టు సరేయనెను. సరుకు తమదనువారు లండనులోని ప్రీవీ కౌన్సిలునకు అప్పీలు చేసిరి.

ప్రీవీ కౌన్సిలనగా తెలుగువారికి తెలియనిది కాదు. చెన్నపట్నపు హైకోర్టు తీర్పులపై 1949 వరకు ఆఖరి అప్పీళ్లు వినుచుండినది ఆ సభయే. 1916 ఏప్రిలు 7వ తేదీన లార్డు పార్కర్ ఆ సభ పక్షమున తీర్పు చెప్పెను. ప్రైజు కోర్టు అమలు చేయవలసినది రాజ్యములన్నిటికిని సమానమైన ధర్మశాస్త్రమును. రాజు తన శాసనముతో దానిని మార్చజాలడు. రక్షణకు అత్యవసరమని కోర్టు ఎదుట చూపనిదే, తగవు తేలకముందే సరుకును తీసికొనరాదు. క్రింది కోర్టు ఉత్తరువు రద్దయ్యెను. యుద్ధము ముమ్మరముగా సాగుచున్న దినములలో, తమ ప్రభుత్వమునకు వ్యతిరేకముగా, అన్యదేశపు వర్తకుల పక్షమున ఆ మాట చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో యోచింపుడు.

దీనివలన న్యాయము సంపూర్ణముగా గెలిచెనని అనుకొనరాదు. అదే యుద్ధములో నిషిద్ధ వస్తువుల జాబితా దినదినము పెరిగెను. 1909లో లండనులో వ్రాసికొన్న ఒప్పందమున పత్తిని ఎన్నడును నిషేధింపరాని వస్తువుగా పేర్కొనిరి. ఆ ఒప్పందము అమలునకు రాలేదు. 1915 ఆగస్టులో బ్రిటను పత్తిని నిషిద్ధ వస్తువుగా ప్రకటించెను. ప్రేలుడు మందు తయారీకి పత్తి పనికివచ్చుటయే కారణము. ప్రొద్దుటూరి పత్తి వర్తకమును ఎరిగినవారికి ఈ మార్పు బరువు తెలియును. రైతు చేను మారలేదు, పత్తి మారలేదు. ఒక జాబితాలో ఒక మాట చేరెను. అంతమాత్రమున ఆ సరుకు పట్టుకొనదగినదయ్యెను. 1917 ఫిబ్రవరినుండి జర్మనీ జలాంతర్గాములు కాగితములు చూడకుండనే ఓడలను ముంచసాగెను. కాగితము చదువుటకు ఓడను ఆపవలెను, ముంచుటకు ఆపనక్కరలేదు.

స్వతంత్ర భారతదేశము కూడ ఈ ప్రశ్నకు తన చట్టమున చోటిచ్చెను. 1971లో పార్లమెంటు నౌకా, విమాన ప్రైజు చట్టమును చేసెను. యుద్ధములో పట్టుబడిన ఓడలను, విమానములను, సరుకులను గూర్చి విచారించుటకు ప్రైజు కోర్టులు ఏర్పరచు అధికారము అందు కేంద్రప్రభుత్వమునకు కలదు. పట్టినవాడే అనుభవింపరాదు, న్యాయస్థానము చెప్పవలెనను సూత్రమే ఆ చట్టమునకు మూలము.

1656నుండి 1916 వరకు జరిగినదానిని ఒక్కసారి కూర్చి చూడుడు. మొదటి తగవులో ఓడ ఎవరిదో అందరికిని తెలియును, తీర్పు చెప్పువాడు లేడు, ఫిరంగులు మాటాడెను. ఎండెన్ విషయమున చేతిలో ఫిరంగియున్నవాడే కాగితము చదివి, దానికి కట్టుబడెను. జమోరా విషయమున రాజశాసనమును సైతము కోర్టు త్రోసిపుచ్చెను. సొత్తు నిలుచుటకు మూడు కావలెనని వీనివలన తేలుచున్నది: ఎవరిదో చెప్పు వ్రాత, ఆ వ్రాతను చదువగలవాడు, బలవంతునికి వెరవక తీర్పు చెప్పు స్థానము. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను సొత్తు బలవంతునిదే యగును.

మూడవది రాజ్యాంగము, న్యాయవాదులు, న్యాయమూర్తులు చూచుకొనవలసిన పని. మొదటి రెండును ప్రతి ఊరివారి చేతిలో నున్నవి. భూమి పత్రము, అమ్మకపు చీటి, అప్పు తీర్చిన రసీదు, సరుకు దింపిన లెక్క: వీనిని భద్రపరచుకొనని కారణమున న్యాయము తమదైయుండియు ఓడిపోయిన కుటుంబములు ప్రతి మండలములోను కలవు. పత్రము ఉండియు, అందేమి వ్రాసియున్నదో చదువలేక వ్రేలిముద్ర వేసి చెడినవారును కలరు. పల్లెలో గ్రంథాలయము వెలసి ఇరువదియైదేండ్లు నిలిచినదనగా, ఆ ఇరువదియైదేండ్లలో ఎందరో అక్షరములను చూచి వెరవకుండుట నేర్చిరని అర్థము. కథలు, పురాణములు చదువుటకు అలవాటుపడిన కన్ను పత్రములను, రసీదులను కూడ చదువగలదు. పుస్తకము తీసికొనునప్పుడు రిజిస్టరులో సంతకము చేసి, తిరిగి ఇచ్చునప్పుడు కొట్టివేయించుకొను చిన్న పనియందే ఆ శిక్షణ ఇమిడియున్నది: వస్తువు ఎవరిది, ఇప్పుడు ఎవరి చేతిలో నున్నది, ఎప్పుడు తిరిగి రావలెను అను మూడు మాటలును ఆ గీతలో నుండును.

గండికోట గోడలు నేటికిని పెన్న లోయపై నిలిచియున్నవి. ఆ కోటను గెలిచిన నవాబు ఫిరంగుల మ్రోత ఏనాడో అణగిపోయెను. అతని కాలివ్రేళ్ల నడుమ జాబులుండెనను ముచ్చట మాత్రము మూడువందల డెబ్బది యేండ్ల పిమ్మట కూడ నిలిచియున్నది. దానిని చూచినవాడు వ్రాసిపెట్టెను, తరువాతివారు చదివిరి, అందువలననే అది ఈ సభ వరకు వచ్చినది.